రెండు బిళ్ళల మధ్య

గాయం నా గదికి నడిచి రాదు.
దూదిపుల్ల మీద, మూత బిగించిన గొట్టంలో,
పసుపు చీటీ అంటించుకుని వస్తుంది:
గరికిన ఎల్లాజీ, యాభై రెండు, ఎడమ పిక్క,
ఫిషింగ్ హార్బర్లో వించి తాడు కోత,
నలభై రోజులు.

కింద డ్రెస్సింగ్ గదిలో సువార్త సిస్టర్
కట్టు పూర్తిగా విప్పకముందే అనేసిందట,
"ద్రాక్షపళ్ళ వాసన. ఆ పచ్చదే ఇది."
ఆమె ముక్కు నా మైక్రోస్కోపు కంటే
పద్దెనిమిదేళ్ళు సీనియర్.

గంజిరంగు పలక మీద దాన్ని పూశాను.
మందుబిళ్ళలు పేర్చాను,
శనగబద్దంత కాగితం ముక్కలు.
రాత్రంతా వెచ్చగా ఉంచి పెంచాను,
అమ్మలా కాదు,
ఆచూకీ కోసం దొంగకు అన్నం పెట్టే పోలీసులా.

తెల్లారి మూత తీస్తే
ప్రతి బిళ్ళ అంచు దాకా పచ్చటి పాచి.
ఏ మందు చుట్టూ
ఒక చీమ కూర్చునేంత జాగా మిగల్లేదు.

ఎందుకు మిగులుతుంది?
ఎల్లాజీ సంచి బోర్లిస్తే నాలుగు ట్యూబులు పడ్డాయి.
ఒకటి మూడ్రోజులు రాశాడు.
ఒకటి చేపల రేటు పడిపోయిన వారం ఆపేశాడు.
ఒకటి పక్క బోటు సరంగు ఇచ్చింది.
ఇంకోటి మెడికల్ షాపు కుర్రాడు "ఇది పవర్" అన్నది.
నడుమ ఓసారి కాప్సూల్ విప్పి పొడి చల్లుకున్నాడు,
ఎండబెట్టే చేపకు ఉప్పు చల్లినట్టు.
ఒక్కో మందూ లోపలికెళ్ళి
ఆ క్రిమికి ఒక్కో పాఠం చెప్పి వచ్చింది.

మేడమ్ పలకను లైటు కింద తిప్పి తిప్పి
"ఈ రెండూ దగ్గర దగ్గరగా పెట్టి చూడు" అంది.
పెట్టాను.

మర్నాడు
ఈ బిళ్ళ ఆవలి పక్క ఏమీ లేదు.
ఆ బిళ్ళ ఆవలి పక్కా ఏమీ లేదు.
రెండింటి మధ్య మాత్రం,
డాల్ఫిన్స్ నోస్ కింద పొద్దుటి మంచు విడి
ఓడలు లోపలికొచ్చే దారి బయటపడినట్టు,
ఒక సన్నటి తేట.
స్కేలు పెట్టాను. నాలుగు మిల్లీమీటర్లు.
ఖాళీని ఇంత సంబరంగా
నేనెప్పుడూ కొలవలేదు.

"ఒకటి గోడకు కన్నం వేస్తోంది,
రెండోది దూరుతోంది, బహుశా" అంది మేడమ్.
ఆ బహుశాని కూడా రిపోర్టులో రాయించింది.

ఆ రోజు సిస్టర్ సెలవు. ఎల్లాజీకి నేనే చెప్పాలి.
"రెండూ కలిపి రాయాలి.
ఇవాళ ఇది, రేపు అది కాదు. పద్నాలుగు రోజులు."
పిక్క వైపు చూసుకుని నవ్వాడు.
"పెద్దవల లాగినట్టన్నమాట.
ఒక కొసే లాగితే సేప రెండో పక్కనించి ఎలిపోద్ది.
అది మాకు తెల్దేటి తల్లీ?
పుండు కూడా సముద్దరమేనని తెల్దు, అంతే."

పదకొండో రోజుకు వాసన పోయింది.
ఆ తర్వాత అంచుల్లో
ఉడికిన రొయ్యతోక రంగు.
మానిందని నేననను.
నా కాగితాలకు ఆ మాట రాదు.
'పెరుగుదల లేదు' అంటాయి,
అదీ నలభై ఎనిమిది గంటల వరకే పూచీ.

పద్నాలుగో రోజు ట్యూబులు చూపించమన్నాను.
ఒకటే తీశాడు.
"రెండోదా? మా ఈదిలో మరిడయ్య మనవడికి
మోకాలు సెక్కుకుపోనాది.
సగం మిగిలింది కదా అని..."

మంచి మనిషి.
వాళ్ళ పేటలో ఏదీ ఒక్కరే తినరు.

నాకు కోపం రావాలి, వచ్చింది కూడా,
కానీ ఎవరి మీదో తేలలేదు.
కొండ దిగువన బీచ్ రోడ్డులో బస్సు హారన్ కొడుతూ పోతోంది.
కొత్త పలక తీసి,
మార్కర్ మూత విప్పి అడిగాను,
"ఆ గుంటడి పేరేటి?"